తవ్విన చేతి పేరు రిపోర్టులో ఎందుకు లేదు?

పురావస్తు తవ్వకంలో మట్టి మారిన సంగతి అందరికంటే ముందు తెలిసేది తాపీ పట్టుకున్న మనిషికి. గట్టు మీద నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డ మాకు ఆ తర్వాతే తెలుస్తుంది. అప్పుడు మేం ఫొటో తీస్తాం, కొలుస్తాం, గీస్తాం, ఆ పొరకు ఒక నంబర్ ఇస్తాం. కొన్నేళ్లకు అచ్చయ్యే రిపోర్టులో ఆ నంబర్ ఉంటుంది. తవ్వకాన్ని నడిపించిన అధికారి పేరు, సహాయకుల పేర్లు, ఫొటోగ్రాఫర్ పేరు, డ్రాఫ్ట్స్‌మన్ పేరు ఉంటాయి. తాపీ పట్టుకున్న మనిషి పేరు మాత్రం కనిపించదు.

దీన్ని చాలామంది మర్యాదకు సంబంధించిన లోటుగా చూస్తారు. ముందుమాటలో కూలీలందరికీ కృతజ్ఞతలు చెబుతూ ఒక వాక్యం రాస్తే తీరిపోతుందని వాళ్ల ఉద్దేశం. నా అభిప్రాయంలో ఇది శాస్త్రానికి సంబంధించిన లోటు. ఏ గుంత ఎవరు తవ్వారో, తవ్వుతూ ఏమన్నారో రాసుకోకపోతే ఆ తవ్వకం రికార్డు సగమే. ఈ మాట ఎందుకంత గట్టిగా అంటున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

పరిశోధక విద్యార్థిగా నేను పనిచేసింది తెలంగాణలోని ఒక పాటిగడ్డ మీద, అంటే పాత ఊరు మట్టిలో కలిసిన దిబ్బ మీద. శాతవాహనుల కాలపు ఊరు అది. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల, కొండాపూర్ లాంటి పేరున్న చోటు కాదు. ఊరి పేరు రాయను, కారణం గుప్తనిధుల వేటగాళ్లు. ఎక్కడైనా పాత ఇటుక గోడ బయటపడిందని తెలిస్తే చాలు, రాత్రిపూట గడ్డపారలతో దిగుతున్నారు. రైతులకు మాత్రం ఆ గడ్డ ఎప్పటినుంచో తెలుసు. పాటిమన్ను పొలానికి మంచి బలమని తరతరాలుగా బండ్లకెత్తి తోలుకుపోయారు. మా తవ్వకంలో కూలికి వచ్చినవాళ్లలో చాలామంది ఆ మన్ను తోలిన ఇళ్లవాళ్లే. అంటే మాకంటే ముందే ఆ నేలను తవ్వి చూసినవాళ్లు.

పని పొద్దున ఆరింటికల్లా మొదలయ్యేది. ఎండ ముదిరితే మట్టి రంగుల్లో తేడా కంటికి ఆనదు, అన్నీ ఒకే బూడిదరంగులోకి దిగిపోతాయి. అందుకే గీకుడు పని, ఫొటోలు పొద్దున్నే కానివ్వాలి. ముందు రోజు కప్పిన టార్పాలిన్ తీసి, రాలిన మట్టి ఎత్తి, నిలువు గోడలను తాపీతో పలుచగా గీకి, ఆరిపోయిన చోట నీళ్లు చల్లుతారు. తడిసిన గోడ మీద పొరలు తేలతాయి. నల్లగా ఉన్నది బూడిద కలిసిన చెత్తపొర, పసుపు రంగులో సన్నగా సాగేది ఇంటి నేల, ఇటుక ముక్కలతో ఎర్రగా ఉన్నది కూలిన గోడ. పైనుంచి కిందికి దిగిన గుంత ఒకటి ఈ మూడింటినీ కోసుకుంటూ పోతుంది. ఆ గుంతలో దొరికిన పెంకును పక్కనున్న పొర సంచిలో వేశామా, నాలుగైదు వందల ఏళ్ల కాలం తారుమారైపోతుంది.

అందుకే ఒక్కో పొరకు ఒక్కో గుడ్డసంచి, ఒక్కో లేబుల్. ట్రెంచ్ (కొలిచి తవ్వే గుంత) నంబర్, పొర నంబర్, లోతు, తేదీ రాసి లోపల ఒకటి వేస్తాం, బయట ఒకటి కడతాం. తట్టలోకి ఎత్తిన మట్టి జల్లెడ దగ్గరికి పోతుంది. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు జల్లించి పూసలు, ఎముక ముక్కలు, మాడిన గింజలు ఏరతారు. పెంకులు పాటరీ యార్డుకు పోతాయి. అక్కడ కడిగి, ఆరబెట్టి, ట్రెంచ్ వారీగా, పొర వారీగా నేల మీద గీసిన గళ్లలో పరుస్తారు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు ఒక పక్క, ఎర్రటి పూతవి ఒక పక్క. అంచులు, అడుగు భాగాలు విడిగా. మధ్యాహ్నం ఎండలో గోనెపట్టాల నీడన కూర్చుని వేల పెంకులు తిరగేసే ఈ పని గురించి పత్రికల్లో ఎవరూ రాయరు. కానీ ఏ పొర ఏ కాలానిదో ముందుగా తేలేది ఇక్కడే.

ఇంత జాగ్రత్తలో, ఇన్ని లేబుళ్లలో తవ్విన మనిషికి ఒక గడి లేదు.

ఒక రోజు జరిగింది చెబుతాను. మా ట్రెంచ్‌లో తాపీ పని చేసే ఒక అక్క ఉండేది. యాభై దాటిన మనిషి. మొదట్లో నన్ను మేడం అనేది, తర్వాత తర్వాత బిడ్డా అని పిలిచేది. గొంతుక్కూర్చుని గీకుతూ గీకుతూ ఆగిపోయింది. తాపీ పక్కన పెట్టి అరచేతితో నేలను నిమిరింది.

"బిడ్డా, అలికిన ఇల్లు గిది."

"ఎట్ల తెలిసింది అక్కా?"

"పొరలు జూడు. ఒకదాని మీద ఒకటి పడ్డయ్. పండుగకోపారి అలుకుతరు గద. నడిమిట్ల కాళ్లు పడి అరుగుతది, గోడ మొదట్ల మందంగ ఉంటది. గిక్కడ మందం పెరుగుకుంట పోతున్నది. గోడ గటే ఉంటది."

నేను వంగి చూశాను. గోరు మందం కూడా లేని పొరలు, లేత పసుపు, బూడిదరంగు, మళ్లీ పసుపు. మధ్యలో రెండో మూడో కనిపిస్తున్నాయి, ఆమె చూపించిన వైపుకు పోయేకొద్దీ వాటి లెక్క పెరుగుతోంది. ఆమె చెప్పిన దిక్కునే గీకితే, మరునాటికి కట్టెలు పాతిన గుంతలు వరసగా గుండ్రటి నల్లమచ్చల్లా తేలాయి. ఇటుక గోడ కాదు, కట్టెల మీద తడకలు కట్టి మట్టి మెత్తిన గోడ.

ఆ నేల ఎంత గట్టిదో, ఎంత మందమో, ఏ రంగో నేను చెప్పగలను. అది ఇంటి లోపలి నేలా, వాకిలా అన్నది తేల్చడానికి మామూలుగా మట్టి నమూనాను ల్యాబుకు పంపి, సన్నటి పలకగా కోయించి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఆమె చేత్తో నిమిరి చెప్పింది. కారణంతో సహా చెప్పింది, తర్వాత ఏం దొరుకుతుందో కూడా చెప్పింది, దొరికింది. పరీక్షకు నిలబడే అంచనా అంటే ఇంతకంటే ఏముంటుంది? ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టు నోట్‌బుక్ అంచున రాశాను. ఆ తర్వాత తయారైన సంక్షిప్త నివేదికలో ఆ మాటలు పోయాయి. మిగిలింది గట్టి నేల ఒకటి బయటపడిందన్న వాక్యం.

ఇంకో ట్రెంచ్‌లో ఇటుక గోడ ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయింది. శాతవాహనుల ఇటుక పెద్దది, పొడవులో ఇప్పటి ఇటుకకు రెండింతలు పైమాటే. అలాంటి ఇటుకల వరస ఒకచోట తెగిపోయి, అదే వెడల్పున గుల్లమట్టి గాడి ఒకటి ముందుకు సాగింది. ఊడబెరికిన గోడ అని మాకూ అర్థమైంది. ఎప్పుడు పెరికారన్నదే తేలలేదు. వెయ్యేళ్ల కిందటా, నిన్నమొన్ననా? అక్కడ గడ్డపార పని చేస్తున్న ఆయన మా ముఖాలు చూసి, ఆ ఇటుకలు తమ తాత కాలంలో తీసినవేనని, తమ పాత ఇంటి పునాదిలో ఇప్పటికీ ఉన్నాయని చెప్పాడు. సాయంత్రం వెళ్లి చూశాం. అదే కొలత, పచ్చి మట్టి మీద వేళ్లతో లాగిన అవే గీతలు. ఏ కార్బన్ పరీక్షా ఆ గాడి వయసును అంత కచ్చితంగా చెప్పలేదు.

ఇలాంటివి ఎన్నో. మట్టి వరలు ఒకదాని మీద ఒకటి దించి కట్టిన బావి బయటపడినప్పుడు, చుట్టూ ఉన్న ఇసుక ఎందుకు పోశారో చెప్పింది బావులు తవ్విన కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు. కుండల పని చేసే ఇంటినుంచి వచ్చిన ఆమెకు నలుపు ఎరుపు పెంకు చేతికిస్తే, కాల్చేటప్పుడు కుండను ఎటు బోర్లించారో, లోపలికి గాలి ఎందుకు పోలేదో చెప్పేసింది. పుస్తకంలో మేం చదువుకున్న మాటే అది. ఆమె ఆ పుస్తకం చదవలేదు.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ 1957లో ఒక బూడిద దిబ్బను తవ్వాడు. కొత్తరాతియుగపు మనుషులు పశువుల దొడ్డిలో పేరుకున్న పేడను తగలబెట్టగా ఏర్పడిన దిబ్బ అది. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు దొరికాయి. అది దొడ్డి అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే బూడిదలో పడిన గిట్ట గుర్తును విప్పడం కుండను బయటికి తీసినట్టు కాదు. రెండు వేళ్ల మందం ఎక్కువ గీకితే గుర్తు మాయం. దాన్ని మొదట ఆనవాలు పట్టిన చేతులు ఎవరివో తెలుసుకోవాలని నాకు ఎప్పుడూ ఉంటుంది. పశువులు కాసినవాళ్లవే అయి ఉంటాయని ఊహించుకుంటాను.

ఇప్పుడు అసలు విషయం. తవ్వకాన్ని రెండోసారి చేయలేం. రసాయన ప్రయోగం అనుమానంగా ఉంటే మళ్లీ చేసి చూడొచ్చు. పొరను ఒకసారి తీసేశాక అది కాగితం మీద తప్ప ఎక్కడా ఉండదు. అలాంటప్పుడు ఆ పొరను చూసిన కళ్లు ఎవరివి, గీకిన చెయ్యి ఎవరిది అన్నది రికార్డులో భాగం కాక ఏమవుతుంది? కొలతకు ఏ పరికరం వాడామో రాస్తాం. లెవెల్ మిషన్ ఏ బెంచ్‌మార్క్ నుంచి పెట్టామో రాస్తాం. అన్నిటికంటే సున్నితమైన పరికరం మనిషి చెయ్యి, దాని గురించి ఒక్క ముక్క రాయం.

దీని వల్ల జరిగే నష్టం చాలా మామూలు చోట కనిపిస్తుంది. ఒక ట్రెంచ్‌లో పూసలు బాగా దొరికాయి, పక్క ట్రెంచ్‌లో తక్కువ అనుకుందాం. మొదటిది పూసలు చేసేవాళ్ల వాడ అని రిపోర్టు రాసేయొచ్చు. కానీ మొదటి ట్రెంచ్ జల్లెడ దగ్గర చూపు చురుకైన ఆమె, రెండో దాని దగ్గర రోజుకొకరు చొప్పున కొత్తవాళ్లు కూర్చుంటే? ఆ తేడా ఊరిదా, జల్లెడదా? ఎవరు ఎక్కడ పనిచేశారో రాసి ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత కూడా సరిచూసుకోవచ్చు. రాయకపోతే అనుమానం రావడానికి కూడా ఆధారం ఉండదు.

రిపోర్టులు ఎప్పుడొస్తాయో కూడా చూడాలి. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోక ముందు నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారీ తవ్వకం జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మొత్తం వెలుగు చూసింది అప్పుడే. ఆ తవ్వకాల రిపోర్టు మొదటి సంపుటి 1975లో వచ్చింది, రెండోది 2006లో. దాదాపు అర్ధశతాబ్దం. అప్పటికి ఒక గోడ గురించి అనుమానం వస్తే, దాన్ని తవ్విన మనిషిని వెతికి అడగాలన్నా పేరు ఉండాలి కదా. లోయ నీటి కింద ఉంది. మళ్లీ వెళ్లి చూసే దారి లేదు.

అదే నాగార్జునకొండ కథ మొదలైంది స్థానికుడి చూపుతోనే. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడి పాత స్తంభాలను గమనించి ప్రభుత్వానికి తెలిపితే, 1926లో మద్రాసు శాసన విభాగంలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న ఎ.ఆర్. సరస్వతి వెళ్లి చూశారు. ఈ పేర్లు నిలిచాయి కాబట్టి ఆ స్థలం ఎలా వెలుగులోకి వచ్చిందో ఈరోజు మనకు తెలుసు. కంపెనీ కాలపు సర్వేయర్ కాలిన్ మెకంజీ పోగుచేసిన రాతప్రతుల, శాసనాల సేకరణ వెనక కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల చాకిరీ ఎంతుందో కూడా ఇప్పుడు పండితులు ఒప్పుకుంటున్నారు. వాళ్లు రాసిన ఉత్తరాలు, నివేదికలు మిగిలాయి కాబట్టి ఒప్పుకోగలిగారు. చదువుకున్నవాళ్లు తమ పేరు తామే రాసుకుని కాపాడుకున్నారు. తాపీ పట్టుకున్నవాళ్లకు ఆ అవకాశం లేదు. వాళ్ల పేరు మేం రాయాలి.

రాయడం కుదరని పని కాదు. ఈజిప్టులో తవ్వకాలు జరిపిన ఇంగ్లీషు పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ కూలీలకు దొరికిన వస్తువును బట్టి బక్షీస్ ఇచ్చేవాడు. ఆ లెక్కల కోసం రాసుకున్న పేర్లు ఆయన నోట్‌బుక్కుల్లో ఉండిపోయాయి. ఏ వస్తువును ఎవరు తీశారో వాటి ఆధారంగానే ఈ కాలపు పరిశోధకులు కొంత తేల్చగలుగుతున్నారు. అక్కడే హార్వర్డ్ విశ్వవిద్యాలయం తరఫున తవ్విన జార్జ్ రైస్నర్ ఇంకో అడుగు ముందుకేశాడు. తన దగ్గర పనిచేసిన ఈజిప్టు మేస్త్రీలతో రోజువారీ డైరీలను అరబిక్‌లో రాయించాడు. 70కి పైగా ఉన్న ఆ పుస్తకాలు చాలాకాలం ఒక మేస్త్రీ కుటుంబం ఇంట్లోనే ఉండి, ఈ శతాబ్దంలో మళ్లీ హార్వర్డ్ చేతికి వచ్చాయి. వందేళ్ల కిందట, వలసపాలన రోజుల్లో చేసింది ఇప్పుడు మనం చేయలేమా?

మన దేశంలో గళ్లు గీసి, మధ్యలో గట్లు వదిలి, పొర పొరగా తవ్వే పద్ధతిని నేర్పింది మార్టిమర్ వీలర్. సైన్యం నుంచి వచ్చి పురావస్తు శాఖకు అధిపతి అయినవాడు. 1944లో తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టాడు, 1945లో అరికమేడులో, 1947లో బ్రహ్మగిరిలో తవ్వాడు. ఆ క్రమశిక్షణకు నేను రుణపడి ఉన్నాను, మా తరం అంతా రుణపడి ఉంది. కానీ ఆ పద్ధతితో పాటు సైన్యం అలవాటు కూడా దిగుమతి అయింది. పైన ఆలోచించేవాళ్లు, కింద తవ్వేవాళ్లు. పాత తవ్వకాల ఫొటోలు చూడండి. ఎర్ర తెలుపు చారల కర్ర పట్టుకుని గోడ పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు. గోడ ఎత్తు తెలియడానికి. ఆ ఫొటో కింద గోడ వివరం ఉంటుంది, మనిషి వివరం ఉండదు. ఇప్పుడు ఆ మనిషి కూడా లేడు, ఫ్రేమ్‌లో పాదం గుర్తు కూడా కనపడకుండా ఊడ్చి మరీ ఫొటో తీస్తున్నాం.

మేం తవ్వే కాలపు మనుషులు ఇలా లేరు. అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేశాడు. తన పేరు, తన వృత్తి, ఉపాధ్యాయుడైన తండ్రి నాగుడి పేరు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు, కూతుళ్లతో కలిసి ఇచ్చానన్న సంగతి రాతి మీద రాయించాడు. రాజుల పేర్లతో పాటు ఆ పేరు కూడా ఈరోజు మనం చదువుతున్నాం. అలాంటి కాలపు ఊరిని తవ్వుతూ, దాన్ని తవ్వినవాళ్ల పేర్లను మాత్రం వదిలేయడం నాకు మింగుడుపడదు.

ఈ మాట ఎత్తినప్పుడు సీనియర్లు చెప్పే అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలిగ్గా తీసిపారేసేవి కావు. పేర్లు అచ్చయితే గుప్తనిధులవాళ్లు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతారన్నది ఒకటి. నిజమే. అందుకే ఆ అక్క పేరు నేను ఇక్కడ రాయలేదు. రాయాల్సిన చోటు నోట్‌బుక్, ఆ తర్వాత రిపోర్టు, అదీ ఆమెను అడిగి ఒప్పుకున్నాకే. వద్దంటే నోట్‌బుక్‌లో ఉంచి రిపోర్టులో గుర్తు నంబర్ వేయొచ్చు. ఇంకొకటి, కూలీలు రోజూ మారతారు కదా అని. మట్టి మోసేవాళ్లు మారతారు. తాపీ, జల్లెడ పనివాళ్లను మేమే మారనివ్వం, చెయ్యి తిరిగినవాళ్లను వదులుకోం. మూడో అభ్యంతరం కాస్త లోతైనది. తవ్వినవాళ్లు చెప్పిందల్లా రాస్తే ఊహలు, ఊరి కథలు రికార్డులో చేరిపోతాయంటారు. చేరనివ్వండి. మా ఊహలు చేరడం లేదా? ఇటుకల కట్టడం కాస్త గట్టిగా కనిపిస్తే కోట అంటాం, నీటి తొట్టి కనిపిస్తే అద్దకపు తొట్టి అంటాం. వాటి పక్కన వ్యాఖ్యానం అని రాసుకుంటాం. వాళ్ల మాటలకూ అదే గడి ఇస్తే చాలు, తప్పొప్పులు తర్వాత తేలతాయి.

పేర్లు అసలే లేవని కాదు. ప్రతి తవ్వకంలోనూ మస్టర్ ఉంటుంది. రోజూ పొద్దున పేర్లు పిలుస్తారు, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. ఆ కాగితాలు కూలి చెల్లింపు కోసం అకౌంట్స్‌కు వెళ్లిపోతాయి. ఆడిట్ అయ్యాక వాటిని పట్టించుకునేవాళ్లు ఉండరు. నోట్‌బుక్ ఒక దారి, మస్టర్ ఒక దారి. ఎవరు వచ్చారో ఒకదాంట్లో ఉంది, ఏం దొరికిందో ఇంకోదాంట్లో ఉంది. ఈ రెంటినీ కలిపే ఒక్క గడి లేకపోవడమే సమస్య.

కాబట్టి నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. మస్టర్‌లో పేరు పక్కన ఆ రోజు ట్రెంచ్ నంబర్ వేయండి. ఒక కాపీ నోట్‌బుక్‌తో పాటే దాచండి. పొర వివరాలు రాసే కాగితంలో రెండు గడులు పెంచండి, ఒకటి గీకింది ఎవరో, రెండోది వాళ్లు ఏమన్నారో. ఆ మాటలు వాళ్ల మాటల్లోనే, తెలుగులోనే రాయండి, ఇంగ్లీషు చేయకండి. జల్లెడ సంచి లేబుల్ మీద జల్లించినవాళ్ల పొడి అక్షరాలు రాయండి. సీజన్ ఆఖరి రోజు గుంత పూడ్చే ముందు, నిలువు గోడ మీది పొరలను గీసిన సెక్షన్ డ్రాయింగ్‌ను ఆ గోడ పక్కన పెట్టి తవ్వినవాళ్లందరికీ చూపించండి. ఏ గీత ఏ పొరో చెప్పండి, వాళ్లు కాదన్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ గుర్తులు పెట్టిన కాగితాన్ని కూడా రిపోర్టు ఫైల్లో ఉంచండి. విద్యార్థులుగా ట్రెంచ్‌లో నిలబడే వాళ్లయితే దీనికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. వచ్చే సీజన్ మొదటి రోజే మొదలుపెట్టండి.